మళ్ళీ మహమ్మారి వస్తే ఖనిలో ప్రేమ సినిమా ఆడించడం ఎలా?

తమ్ముడూ, గోదావరిఖనిలో సినిమా హాలు లీజుకు తీసుకున్నావట. శుభం. ఇంకో మహమ్మారి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. వచ్చాక సలహా అడిగితే లాభం లేదు కాబట్టి ఇప్పుడే చెప్పేస్తున్నాను, రాసుకో.

అప్పుడు నువ్వు ఆడించాల్సింది ఫైటింగు సినిమా కాదు, దెయ్యం సినిమా కాదు. ప్రేమా కామెడీ కలిపిన సినిమా. జనం భయంలో ఉంటారు. భయంలో ఉన్నవాడికి నవ్వు కావాలి. నవ్వు కావాల్సినవాడు టికెట్ కొంటాడు. ఈ లెక్కలో ఎక్కడా తప్పు లేదు. వాడి చేతిలో డబ్బుందా, తీరికుందా, వెనక సీటువాడు దగ్గితే ఏం చేస్తాడు అనేవి వ్యాపారం తెలియనివాళ్ళు వేసే ప్రశ్నలు.

విడుదల తేదీ

మహమ్మారికి సరిగ్గా మూడు వారాల ముందు విడుదల చెయ్యి. ఇది నా సొంత తెలివి కాదు, చరిత్ర చెప్పిందే. నితిన్, రష్మికల ‘భీష్మ’ 2020 ఫిబ్రవరి 21న వచ్చింది. మార్చి 14న ప్రభుత్వం థియేటర్లు మూసేయమనేసరికి తన డబ్బులు తాను తీసుకుని బయటపడింది. తేదీ ముందుగా ఎలా తెలుస్తుందని అడగకు. మంచి బయ్యర్‌కు తెలుస్తుంది.

అప్పుడు మూసింది నెలాఖరు వరకే అన్నారు. ఆ నెలాఖరు నవంబర్ 23కు వచ్చింది. హాలు మూసి ఉన్నంతకాలం కరెంటు బిల్లు మాత్రం రావడం మానదు. పక్కనే 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ, కాళ్ళ కింద బొగ్గు, అయినా చీకటి హాలుకు డిమాండ్ చార్జీ కట్టాల్సిందే. మూసి ఉన్న నెలల డిమాండ్ చార్జీలు మాఫీ చేస్తామని 2020 నవంబర్‌లో ప్రభుత్వం చెప్పింది. ఈసారీ చెప్తుందని నమ్మి, ఆ డబ్బు ఇప్పుడే ఖర్చుపెట్టేసుకో.

ఫోన్లను లెక్కచెయ్యకు. 2020 జూన్ 25న ‘కృష్ణ అండ్ హిజ్ లీల’ అనే ప్రేమ కామెడీ ముందు మాటమాత్రం చెప్పకుండా నేరుగా ఓటీటీలో ప్రత్యక్షమైంది. ఆరంగుళాల తెర మీద ప్రేమను చూసి ఎవరైనా తృప్తిపడతారా? పడ్డారు, అది వేరే సంగతి. అమెరికాలోనూ ఇదే తంతు. ‘ది లవ్‌బర్డ్స్’ అనే సినిమా ఆ ఏప్రిల్‌లో థియేటర్లకు రావాల్సింది, మే నెలలో నెట్‌ఫ్లిక్స్‌కు పోయింది. ప్రేమ కామెడీకి పెద్ద తెర అక్కర్లేదని నిర్మాతలే ఒప్పుకున్నాక నువ్వెందుకు ఒప్పుకోవాలి?

సగం సీట్లను చూసి దిగులుపడకు

హాళ్ళు మళ్ళీ తెరిచినప్పుడు సగం సీట్లే నింపాలన్నారు. దీన్ని నష్టం అనుకునేవాళ్ళు అమాయకులు. ఆరువందల సీట్ల హాల్లో మూడువందల మంది కూర్చుంటే చట్టప్రకారం అది హౌస్‌ఫుల్. ధైర్యంగా బోర్డు పెట్టు. ఫోటో తీసి వాట్సాప్‌లో తిప్పు. హౌస్‌ఫుల్ బోర్డు చూసి మిగతావాళ్ళు ఇంటికి తిరిగిపోతారు, అది కూడా లాభమే, హాలు ఊడ్చే పని తగ్గుతుంది.

ఆ సగం సీట్ల రోజుల్లో తెలుగులో ముందుగా దిగిన పేరున్న సినిమా ఏది? 2020 డిసెంబర్ 25న, సాయిధరమ్ తేజ్, నభా నటేష్‌ల ‘సోలో బ్రతుకే సో బెటర్’. పెళ్ళొద్దు, ఒంటరిగా ఉండటమే మేలు అని ఊరంతా బోధించే కుర్రాడి కథ. ఆ పేరును ఆరోగ్యశాఖ గోడల మీద రాయించుకున్నా తప్పుపట్టేవాళ్ళు లేరు. ఇందులో నీకు అక్కరకొచ్చే సంగతొకటుంది. బొగ్గుబాయిలో షిఫ్టు మొదలయ్యే ముందు మైనింగ్ సర్దార్ దీపం పట్టుకుని తాను ముందు పోయి, గ్యాసుందో లేదో చూసొస్తాడు. ఆయన సరేనన్నాకే మిగతావాళ్ళు పనిచోటుకు పోతారు. ఆ డిసెంబర్‌లో ప్రేమ కామెడీ చేసింది ఆ పనే. వందల కోట్ల సినిమాలు పైన నిలబడి చూస్తుంటే ఇది లోపలికి పోయి, జనం వస్తున్నారని చూసి చెప్పింది. రెండు వారాలకే సంక్రాంతికి ‘క్రాక్’, ‘మాస్టర్’, ‘రెడ్’ వరసగా దిగాయి. సర్దార్‌కు ఆ పనికి జీతం ఉంటుంది. ఈ సినిమాకు దక్కింది సగం సీట్లు. కాబట్టి నా సలహా ఏమిటంటే, ఎప్పుడూ మొదటి సినిమానే పట్టు, గ్యాసుంటే నీకే ముందు తెలుస్తుంది.

సీటుకీ సీటుకీ మధ్య ఖాళీ ఉండాలనే నియమం ప్రేమికులకు ఇబ్బంది అంటారు. ఆ ఖాళీ సీటును కూడా వాళ్ళకే అమ్ము, హెల్మెట్లు పెట్టుకుంటారు. నవ్వు సంగతి కొంచెం చిక్కే. కామెడీ సీనుకు మనిషి తనంతట తాను నవ్వేది కొంత, పక్కవాడు నవ్వితే నవ్వేది ఎక్కువ. పక్కన ఖాళీ కుర్చీ, మూతికి మాస్కు ఉంటే తెర మీద ఎవడు జారిపడినా హాల్లో చప్పుడుండదు. దానికి స్పీకర్లలో రికార్డు చేసిన నవ్వులు పెట్టు. ఎవరు నవ్వారా అని వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ కనబడరు. అప్పుడు దెయ్యం సినిమా కూడా వాళ్ళకు ఉచితం.

ధైర్యం కావాలంటే 1918కి పో. అది స్పానిష్ ఫ్లూ కాలం. న్యూయార్క్‌లో స్ట్రాండ్ థియేటర్ మేనేజర్ హెరాల్డ్ ఎడెల్ ఆ అక్టోబర్‌లోనే చాప్లిన్ ‘షోల్డర్ ఆర్మ్స్’ వేశాడు. ప్రాణాలకు తెగించి వచ్చిన ప్రేక్షకులను మెచ్చుకుంటూ సినిమా పత్రికకు రాశాడు. అది అచ్చయ్యేసరికి ఆయనే ఫ్లూతో పోయాడు. కలెక్షన్లు మాత్రం బాగున్నాయట.

షిఫ్టులను అసలు పట్టించుకోకు

ఖనిలో హాలు నడిపేవాళ్ళు చేసే తప్పు ఇదే, సింగరేణి గడియారం చూస్తారు. ఫస్టు షిఫ్టు పొద్దున ఏడింటికి, రెండో షిఫ్టు మూడింటికి, నైటు షిఫ్టు రాత్రి పదకొండింటికి. మూడింటికి పైకొచ్చినవాడు స్నానం చేసి, తిని, ఒక కునుకు తీసి, ఇంట్లోవాళ్ళను తీసుకుని ఫస్టు షోకు వస్తాడు. రెండో షిఫ్టు మనిషికి మార్నింగ్ షో ఒక్కటే దిక్కు. నైటు చేసినవాడు మ్యాట్నీ వేళకు నిద్రలో ఉంటాడు. వారానికోసారి ఇదంతా తారుమారవుతుంది. ఇవన్నీ తలకెత్తుకుంటే పిచ్చెక్కుతుంది. నువ్వు హైదరాబాద్ మల్టీప్లెక్సు షోల పట్టిక తెచ్చి గోడకు అతికించు. ప్రేమ సినిమా కదా, అసలైన షో రాత్రి తొమ్మిదింటికి పెట్టు. 2021 ఏప్రిల్ 20న రాత్రి తొమ్మిది నుంచే కర్ఫ్యూ పెట్టారు, నిజమే. మళ్ళీ అదే టైము పెడతారని ఏముంది?

కార్మికుడి మాట కూడా వినకు. వాళ్ళకు వ్యంగ్యం ఎక్కువ. ల్యాంపు రూము ముందు నిలబడి, “బాయిల గుంపుగ దిగొచ్చునట, హాల్ల గుంపుగ కూసోవద్దట” అంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. 2020 ఏప్రిల్‌లో భూగర్భ గనులకు లేఆఫ్ ఇచ్చారు, ఓపెన్‌కాస్టులు మాత్రం నడిచాయి. దేశానికి కరెంటు కావాలి కాబట్టి బొగ్గు అత్యవసరం, సినిమా కాదు. లేఆఫ్ అంటే చట్టప్రకారం సగం వేతనం. సగం జీతంవాడు సగం సీట్ల హాలుకు వస్తే లెక్క సమానం కదా, నీకేం బాధ?

దసరా మీద మాత్రం పూర్తి నమ్మకం పెట్టుకో. లాభాల వాటా వచ్చేది అప్పుడే. 2020లో కార్మికులకు 28 శాతం ఇచ్చారు, 2021లో 29 శాతం. శాతం పెరిగింది చూశావా? కంపెనీ లాభం దాదాపు 994 కోట్ల నుంచి 273 కోట్లకు పడిందనీ, అందువల్ల పంచుకున్న మొత్తం మూడోవంతుకూ రాలేదనీ గొణిగేవాళ్ళుంటారు. బయ్యర్‌తో మాట్లాడేటప్పుడు శాతమే చెప్పు. సినిమావాళ్ళు కూడా శాతాల్లోనే మాట్లాడతారు, బాగా కుదురుతుంది.

కథ మన ఊరిది కాకుండా చూసుకో

ఆ దసరా రోజునే, అంటే 2021 అక్టోబర్ 15న, అఖిల్, పూజా హెగ్డేల ‘మోస్ట్ ఎలిజిబుల్ బ్యాచ్‌లర్’ వచ్చింది. అమెరికా నుంచి పెళ్ళిచూపులకు దిగిన అబ్బాయి, స్టేజీ మీద జోకులు చెప్పే అమ్మాయి. బాగానే ఆడింది. మన దగ్గర పెళ్ళిచూపులు వేరు. “మీ బాపు అన్‌ఫిట్ అయిండా, ఇంకా కాలేదా?” అని పిల్ల తండ్రి అడుగుతాడు. బాపు కొత్తగూడెం మెడికల్ బోర్డుకు పోయి అన్‌ఫిట్ అయితే కొడుక్కు సింగరేణి ఉద్యోగం, ఉద్యోగం వస్తే పిల్ల. తండ్రి జబ్బు మీద కొడుకు ప్రేమ ఆధారపడే ఇంతటి కామెడీ ప్రపంచంలో ఇంకెక్కడా దొరకదు. అందుకే దాన్ని ఎవరూ తీయకూడదు. తీస్తే జనం నవ్వాలో ఏడవాలో తెలియక టికెట్ డబ్బులు వెనక్కి అడుగుతారు.

మన ఊరికి సినిమావాళ్ళు ఇంకో పని మీద వస్తారు. 2021 జనవరి చివర్లో, కరోనా ఇంకా ఉండగానే, ప్రభాస్ ‘సలార్’ షూటింగు గోదావరిఖనిలో మొదలైంది. మసి, మంట, పెద్ద యంత్రాలు, కొట్లాట, వీటికి ఖని కావాలి. ప్రేమకు పనికిరాదు. ఇక్కడి పిల్లలు ప్రేమించుకోరనే కదా దానర్థం.

ప్రేమనూ కామెడీనీ కలుపు

2021 ఫిబ్రవరి మొదట్లో అన్ని సీట్లూ నింపుకోవచ్చన్నారు. 12న ‘ఉప్పెన’ వచ్చింది. అందులో ప్రేమ ఉంది, కామెడీ తక్కువ, చివర్లో జరిగేది వింటేనే గుండె జారుతుంది. విరగబడి ఆడింది. మార్చి 11న, శివరాత్రికి, ‘జాతిరత్నాలు’ వచ్చింది. అందులో కామెడీ ఉంది, ప్రేమ నామమాత్రం, జోగిపేట కుర్రాళ్ళు ముగ్గురు. అదీ విరగబడి ఆడింది. పక్కపక్కన మనుషులు కూర్చుంటేనే పేలే జోకులు అవి. సగం సీట్ల కాలంలో వచ్చుంటే ఏమయ్యేదో ఆలోచించకు. ప్రేమ విడిగా ఆడింది, కామెడీ విడిగా ఆడింది, కలిపితే రెండింతలు రావాలి. కలిపిన ‘రంగ్ దే’ మార్చి 26న వచ్చింది. రెండు రోజుల ముందే తెలంగాణలో బడులు మళ్ళీ మూసేశారు. ‘ఉప్పెన’ దరిదాపుల్లోకి రాలేదు. లెక్క తప్పలేదు తమ్ముడూ, క్యాలెండర్ తప్పింది.

ఏప్రిల్ 21 నుంచి థియేటర్ల యజమానులే హాళ్ళు మూసుకున్నారు, ‘వకీల్ సాబ్’ ఆడేవి తప్ప. 16న రావాల్సిన శేఖర్ కమ్ముల ‘లవ్ స్టోరీ’ ఆగి సెప్టెంబర్ 24న వచ్చింది, వచ్చి నిలబడింది. ఎందుకు నిలబడింది? అన్ని నెలలూ ‘సారంగ దరియా’ పాట జనం ఫోన్లలో మోగుతూనే ఉంది. ఇందాక లెక్కచెయ్యొద్దన్న ఫోన్లే అవి. ఈ వాక్యం రాసుకోవద్దు, కొట్టెయ్.

ఇక లెక్కల పుస్తకం. ట్రేడువాళ్ళు ‘నైజాం షేర్’ అని ఒకే అంకె చెప్తారు. అందులో హైదరాబాద్ ప్రసాద్స్ తెరలూ ఉంటాయి, నీ హాలూ ఉంటుంది. నైజాం హిట్ అంటే ఖనిలో కూడా హిట్టే అనుకుని అడ్వాన్సు కట్టెయ్. క్యాంటీన్‌లో సమోసా ఎన్ని మిగిలాయో చూడకు. టికెట్ రేటు పెంచుకోవడానికి 2021 డిసెంబర్‌లో ప్రభుత్వం ఒప్పుకుంది, కాబట్టి ఖాళీ సీట్ల డబ్బును కూర్చున్నవాళ్ళ దగ్గరే వసూలు చెయ్యొచ్చు. నెలకే ఓటీటీలో వస్తుందని వాళ్ళకు తెలియదనుకో. ‘జాతిరత్నాలు’ ఏప్రిల్ 11కే ప్రైమ్‌లో ఉంది.

ఒక్క ఉదాహరణ మాత్రం నాకు మింగుడుపడదు. 2020లో ఎవరి సినిమా చెప్పాపెట్టకుండా ఓటీటీకి పోయిందో, ఆ సిద్ధు జొన్నలగడ్డే 2022 ఫిబ్రవరి 12న ‘డీజే టిల్లు’తో థియేటర్లకు వచ్చాడు. ప్రేమ, కామెడీ, మధ్యలో ఒక శవం, మొదటి నుంచి చివరిదాకా మన యాస. మూడో వేవ్ అప్పుడప్పుడే తగ్గుతోంది. జనం గుంపులుగా వచ్చి ఈలలు వేశారు. నా చిట్కాల్లో ఒక్కటీ పాటించకుండా ఎలా ఆడిందో అర్థం కాదు.

లీజు కాగితం మీద సంతకం పెట్టేముందు ఒక్క పని మాత్రం చెయ్యకు తమ్ముడూ. మధ్యాహ్నం మూడింటికి గని గేటు దగ్గర నిలబడి, షిఫ్టు దిగి వచ్చేవాళ్ళను “అన్నా, ఏ సినిమా అయితే ఇంట్లోవాళ్ళను తీసుకొస్తరు, ఎన్ని గంటల ఆటకు వస్తరు, టికెట్ ఎంతుంటే వస్తరు?” అని అడగకు. వాళ్ళు ఉన్నమాట చెప్తారు.