కంటిచూపుతో కొలిచేస్తా!

మన క్యాథ్ ల్యాబుల్లో కొలబద్ద అక్కర్లేని మహానుభావులున్నారు. తెర మీద డై పారితే చాలు, గుండె రక్తనాళం వెడల్పెంతో, ఏ సైజు స్టెంట్ పడుతుందో చటుక్కున చెప్పేస్తారు. స్టెంట్ వేస్తారు, మళ్లీ డై వదులుతారు. నల్లటి గీత నిండుగా కనిపిస్తుంది. ‘సక్సెస్!’ బంధువుల చేతిలో సీడీ, వెనకే బిల్లు.

చిక్కల్లా ఒక్కటే. యాంజియోగ్రామ్‌లో కనిపించేది రక్తనాళం కాదు, అందులో పారే మందు నీడ. గోడలో కాల్షియం ఎంత గట్టిపడిందో, స్టెంట్ తీగలు గోడకు ఆనాయో లేదో, అంచు దగ్గర గోడ చీలిందో ఆ నీడ సరిగా చెప్పలేదు. దాన్ని నమ్మి గుండెను అప్పగించడానికి మనకున్న ధైర్యం మాత్రం మెచ్చుకోవాలి.

స్టెంట్ డబ్బా మీద 3 మిల్లీమీటర్లని ఉంటుంది. పూర్తిగా విచ్చుకుంటే దారి 7 చదరపు మిల్లీమీటర్లు. కాల్షియం పట్టు వదలక 2.4 దగ్గరే ఆగిపోతే మిగిలేది నాలుగున్నర. నాళం లోపలి నుంచి చూసే ఐవస్ అనే సాధనంతో కొలిస్తే కనీసం 5.5 ఉండాలన్నది నిపుణుల మాట. అర మిల్లీమీటరు పైచిలుకు తేడా కంటికి ఆనదు, రక్తానికి ఆనుతుంది. పైగా బిగిసిన స్టెంట్‌ను బయటికి లాగడం కుదరదు. కాల్షియాన్ని పగలగొట్టాల్సింది ముందే. అది ఉందని తెలిస్తే కదా!

తెలుసుకునే సాధనాలు లేకేం? ఐవస్ నాళంలోకి దూరి అల్ట్రాసౌండ్‌తో చూస్తుంది, ఓసీటీ కాంతితో చూస్తుంది. పైకి భేషుగ్గా ఉన్న స్టెంట్లు లోపల సగం సగం విచ్చుకున్న సంగతిని ఇటలీలో ఆంటోనియో కొలంబో బృందం 1995 నాటికే ఐవస్‌తో బయటపెట్టింది. వార్త మనదాకా ఇంకా నడిచి వస్తున్నట్టుంది.

2023లో కొరియా వైద్యులు చిక్కు బ్లాకులున్న 1,639 మందిని పరీక్షించారు. లోపల చూసి వేసిన వర్గంలో గుండె సంబంధ మరణం, అదే నాళంలో మళ్లీ గుండెపోటు, మళ్లీ ప్రొసీజర్... అన్నీ కలిపి 7.7 శాతం. నీడను నమ్ముకున్న వర్గంలో 12.3. ‘అదే ఏడాది ఇల్యూమియన్-4 అధ్యయనంలో ఓసీటీ అలాంటి తేడా చూపలేదుగా’ అని లా పాయింట్ తీస్తారు. నిజమే. అదే అధ్యయనంలో స్టెంట్‌లో రక్తం గడ్డకట్టడం 1.4 నుంచి 0.5 శాతానికి తగ్గిందన్న ముక్క మాత్రం గొంతు దిగదు. చిక్కు బ్లాకులకు లోపలి చూపు ఉండాల్సిందేనని యూరప్ 2024లో తన మార్గదర్శకాల్లో మొదటి శ్రేణి సిఫారసుగా రాసుకుంది.

మనమేం తక్కువ తిన్నామా? చవక స్టెంట్ కోసం 1990ల్లోనే అబ్దుల్ కలాం, డాక్టర్ సోమరాజు హైదరాబాద్‌లో శ్రమించారు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందుపూత స్టెంట్‌కు 29,600 రూపాయల గరిష్ఠ ధర కట్టింది. లోహం దిగొచ్చింది. దాన్ని సరిగా బిగించామా అని చూసే చూపు ఖరీదుగానే మిగిలింది. పేదవాడి గుండెకు ఆ చూపు విలాసమట!

ఇక మనం. కాసు బంగారం కొంటే మిల్లీగ్రాము దాకా తూకం వేయిస్తాం. గుండెలో స్టెంట్ వేస్తుంటే ‘అమెరికాదా, ఇండియాదా?’ అని అడిగి ఊరుకుంటాం. మన ఈ అమాయకత్వాన్ని కనిపెట్టిన ఆసుపత్రి రేపు ఐవస్‌నూ ప్యాకేజీలో కలిపి, పొట్టి బ్లాకుకూ అంటగడుతుంది. అదీ వైద్యం కాదు, వ్యాపారమే.

గుండెపోటు వచ్చిన గంటలో వాదన పెట్టుకోకండి. తేదీ తీసుకుని వెళ్లే ప్రొసీజర్ అయితే మాత్రం సంతకానికి ముందే అడగండి: ఎడమ ప్రధాన నాళమా, కొమ్మ చీలే చోటా, పొడవాటి బ్లాకా, కాల్షియమా? అయితే లోపల చూస్తారా? స్టెంట్ వేశాక దారి ఎన్ని చదరపు మిల్లీమీటర్లు వచ్చింది? ఆ అంకెను డిశ్చార్జ్ సమ్మరీలో రాయించుకోండి.