మొదటి భాగం

2004లో జపాన్‌లో నిహాన్ ఫాల్కమ్ అనే సంస్థ ‘ట్రెయిల్స్ ఇన్ ద స్కై’ అని ఒక రోల్ ప్లేయింగ్ గేమ్ విడుదల చేసింది. ఎస్టెల్ అనే పదహారేళ్ళ అమ్మాయి, వాళ్ళింట్లోనే పెరిగిన జాషువా, ఇద్దరూ లిబెర్ల్ అనే చిన్న రాజ్యంలో ఊరూరూ తిరుగుతూ జనం కష్టాలు తీర్చే కథ. అసలు చిక్కుముడి పడ్డచోటే ఆ ఆట ఆగిపోతుంది. తరువాయి 2006లో వచ్చింది. ఇంగ్లీషులో ఆడేవాళ్ళకైతే మొదటిది 2011లో, రెండోది 2015లో. నాలుగేళ్ళు ఆ చిక్కుముడితోనే ఎదురుచూశారు. ఆ తర్వాత కథ క్రాస్‌బెల్ అనే నగరానికి, అక్కణ్ణుంచి ‘కోల్డ్ స్టీల్’ ఆటలతో ఎరెబోనియా సామ్రాజ్యానికి, ఆపైన కాల్వార్డ్ గణరాజ్యానికి నడిచింది. 2024 నాటికి 13 ఆటలయ్యాయి. కథ ఇంకా అయిపోలేదు.

ఒక్కో ఆటకి 40 నుంచి 80 గంటలు పడుతుంది. గచ్చిబౌలిలో ఉద్యోగం చేసేవాడికి అమెరికా కాల్ ముగిశాక నిద్రకి ముందు ఓ గంట మిగిలితే గొప్ప. ఆ లెక్కన మొత్తం ఆడాలంటే రెండేళ్ళు. అందుకే మధ్యలోంచి మొదలుపెట్టవచ్చా అన్నది మా బోటివాళ్ళకి నిజంగా పెద్ద ప్రశ్న.

అన్ని సిరీస్‌లకీ ఒకే జవాబు లేదు. 1987లో మొదలైన ‘ఫైనల్ ఫాంటసీ’లో ప్రతి అంకెకీ ఒక కొత్త లోకం, కొత్త మనుషులు. ఏడోది ముందు ఆడినా, పదోది ముందు ఆడినా పోయేదేమీ లేదు. ‘డ్రాగన్ క్వెస్ట్’ మొదటి మూడు ఆటల్లో కథ ప్రకారం అన్నిటికన్నా ముందు జరిగేది మూడోది. ఆ మూడింటినీ కొత్త బొమ్మలతో మళ్ళీ తయారుచేసినప్పుడు తయారీదారులే మూడోదాన్ని 2024లో, మొదటి రెండింటినీ 2025లో ఇచ్చారు. ‘మాస్ ఎఫెక్ట్’ సంగతి వేరు. మొదటి ఆటలో మన నిర్ణయం వల్ల ఒక మనిషి చనిపోతే, ఆ సేవ్ ఫైల్‌తో రెండో ఆట మొదలుపెట్టినప్పుడు అతను ఉండడు. అక్కడ ముందుభాగం తెలియకపోతే మన చేతులతో మనమేం చేశామో తెలియకుండా పోతుంది. ట్రెయిల్స్ ఈ రెండు రకాలకీ నడుమ ఉంది. దేశం మారినప్పుడల్లా కొత్త కథానాయకుడు వస్తాడు, కొత్త తలుపు తెరుచుకుంటుంది. కానీ ఆ తలుపు వెనక పాత మనుషులందరూ ఉంటారు.

మా టీమ్‌లోకి అనకాపల్లి నుంచి ఒకమ్మాయి వచ్చింది. కాలేజీ అయిన వెంటనే దొరికిన మొదటి ఉద్యోగం, ఇందిరా నగర్‌లో హాస్టల్. ఆటలంటే ప్రాణం. సేల్‌లో ‘ట్రెయిల్స్ త్రూ డేబ్రేక్’ కనబడితే కొనాలా వద్దా అని మమ్మల్ని అడిగింది. అది కాల్వార్డ్ కథ, సిరీస్‌లో పదకొండోది.

అడిగింది ఒక గురువారం. ఆ సాయంత్రం టీకి మా లీడ్ రాలేదు. అయిదింటిలోపు పంపాల్సిన మెయిల్ ఒకటి ఉందని సీట్లోనే ఉండిపోయాడు. రాత్రి ఎనిమిది దాటాక డీఎల్ఎఫ్ వెనక వీధిలో బండి దగ్గర నలుగురం దోసెలు తింటున్నప్పుడు మాట మళ్ళీ అక్కడికే వచ్చింది. లీడ్, ఆ అమ్మాయి, నేను, మా టీమ్‌లో అందరూ సార్ అని పిలిచే పెద్దాయన.

లీడ్‌ది కరీంనగర్. ట్రెయిల్స్ మొత్తం వరసగా ఆడినవాళ్ళలో నాకు తెలిసినవాడు అతనొక్కడే. అతనికి ఆ ఆటమీద ఉన్నది ఉత్త సరదా కాదు, భక్తి.

“చూడు చెల్లె, మధ్యలకెళ్లి షురూ చెయ్యకు. ఏం అర్థం గాదు. ఆ ఆటల ఏదన్న పెద్ద సంగతి జరిగిందనుకో, ఊళ్ల ఉన్న ప్రతి మనిషి మాట మారతది. రొట్టెలమ్మేటామె, గేటుకాడ సిపాయి, అందరివి. మళ్ల పోయి అందరితోని మాట్లాడాలె. స్కైల టీటా అని పన్నెండేండ్ల పిల్ల ఉంటది. కోల్డ్ స్టీల్ మూడుల అదే పిల్ల పెద్దగయి అకాడమీల కనబడతది. మొదట్నుంచి ఆడినోడికి కండ్లల్ల నీళ్లొస్తయి. నీకు ఆ పిల్ల ఎవరో గూడ తెల్వది. తెరమీద వాళ్లెందుకు ఏడుస్తున్రో తెల్వకుంట చూసుడు కూడ ఒక ఆడుడేనా?”

నేను ఒప్పుకోలేదు. ఇంగ్లీషులో ఆడేవాళ్ళకి క్రాస్‌బెల్ కథ అధికారికంగా దొరికింది 2022, 2023లో. జపాన్‌లో దాని తర్వాత విడుదలైన కోల్డ్ స్టీల్ మాత్రం ఇంగ్లీషులో 2015లోనే వచ్చేసింది. అంటే ప్రపంచంలో చాలామంది ఈ కథని మధ్యలో ఖాళీతోనే ఆడారు, ఆడి ప్రేమించారు. డేబ్రేక్‌లో వాన్ అనే కొత్త నాయకుడు, కొత్త దేశం, కొత్త యుద్ధపద్ధతి. అక్కడ అడుగుపెట్టి, నచ్చితే వెనక్కి వెళ్ళవచ్చు. ఎక్కడో ఒకచోట మొదలుపెట్టకుండా జాబితా చూసి భయపడి మానేసేవాళ్ళే ఎక్కువని నా నమ్మకం. ఆ నమ్మకం ఇప్పటికీ మారలేదు.

సార్ అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. ఆయన ఊరు తెనాలి. ఆటలు ఆడరు గానీ కథ అనేసరికి చెవి పెడతారు.

“తిక్కన చేసిందీ అదే కదమ్మా,” అన్నారు. “నన్నయ ఆదిపర్వం, సభాపర్వం రాసి అరణ్యపర్వం సగంలో ఆగిపోయాడు. రెండు వందల ఏళ్ళ తర్వాత నెల్లూరులో తిక్కన అందుకున్నాడు. అరణ్యపర్వంలో మిగిలినదాన్ని ముట్టుకోలేదు. నేరుగా విరాటపర్వంతో మొదలుపెట్టి చివరిదాకా పదిహేను పర్వాలు రాసేశాడు. వానలు పడకపోతే మన ఊళ్ళలో చదివించేది ఆ మధ్యలోంచి మొదలైన విరాటపర్వమే. ఆ ఖాళీ పూరించడానికి ఇంకో వందేళ్ళకి ఎర్రన రావాల్సి వచ్చింది.”

“మరి తిక్కన నన్నయ రాసింది చదివే మొదలుపెట్టిండు గద సార్?” అన్నాడు లీడ్.

“చదివాడు,” అన్నారు సార్. “ఉంది కాబట్టి చదివాడు. ఎర్రన ఏం చేశాడో తెలుసా? తను పూర్తిచేసిన భాగాన్ని తన రాజుకి అంకితం ఇవ్వలేదు. నన్నయ చేత భారతం రాయించిన రాజరాజ నరేంద్రుడికే ఇచ్చాడు. మొదలుపెట్టినవాళ్ళంటే వాళ్ళకి అంత గౌరవం.”

లీడ్ సంతోషంగా తలూపాడు. “అందుకే చెప్తున్న, మొదటి భాగమే అసలుది,” అన్నాడు. ఆ రాత్రి బిల్లు కూడా అతనే ఇచ్చాడు, ఎవరినీ జేబులో చెయ్యి పెట్టనివ్వలేదు.

సార్ గురించి కొంచెం చెప్పాలి. మేం పనిచేసేది అమెరికాలో ఒక బీమా సంస్థ క్లెయిముల వ్యవస్థ మీద. ఇరవై ఏళ్ళు దాటిన కోడ్. దాన్ని మొదలుపెట్టిన టీమ్‌లో మిగిలింది ఆయనొక్కరే. మిగతావాళ్ళు డాలస్ వెళ్ళినవాళ్ళు, వేరే కంపెనీలకి వెళ్ళినవాళ్ళు, ఉద్యోగమే మానేసి ఊళ్ళకి చేరినవాళ్ళు. అర్ధరాత్రి ప్రొడక్షన్ ఆగిపోతే ఆన్‌కాల్‌లో ఉన్నది ఎవరైనా ఫోన్ వెళ్ళేది ఆయనకే. ఆయన ల్యాప్‌టాప్ తెరవకుండానే ఏ ఫైల్ చూడాలో చెప్పేవారు. నేను చేరిన కొత్తలో ఒక లైన్ చూపించి ఇదేమిటని అడిగాను. ఒక్క రాష్ట్రానికి మాత్రం రెండు తేదీల మధ్య క్లెయిములకి వేరే లెక్క. పక్కన ఒక్క ముక్క వివరణ లేదు. అనవసరమైన లైన్ అనుకుని ఎవరైనా తీసేస్తారు. “2005లో కత్రినా తుఫాను వచ్చినప్పుడు లూసియానాలో ఇళ్ళు మునిగాయి. దావా వేసుకునే గడువుని అక్కడి ప్రభుత్వం చట్టం చేసి మరీ పెంచింది. మేం రాత్రికి రాత్రి రాసిన లైన్ అది. తీస్తే ఆ పాత క్లెయిములన్నీ తిరగబడతాయి,” అన్నారు. ఆ కోడ్‌లో అటువంటి లైన్లు ఎన్నో. వాటి కథలు ఏ డాక్యుమెంట్‌లోనూ లేవు. ఆయన దగ్గర ఉన్నాయి.

ఆ వారాంతం అమ్మాయి ఆలోచించి నిర్ణయానికి వచ్చింది. డేబ్రేక్ వదిలేసింది. 2025 సెప్టెంబరులో ‘ట్రెయిల్స్ ఇన్ ద స్కై’ని కొత్తగా తయారుచేసి విడుదల చేశారు కదా, అది కొంది. ఎస్టెల్‌తో మొదటి ఊరి నుంచి మొదలుపెట్టిందట. సోమవారం వచ్చి లీడ్‌కి చెబితే అతని మొహం వెలిగిపోయింది.

మంగళవారం ఉదయం సార్‌ని కింది అంతస్తులో మీటింగ్ రూమ్‌కి రమ్మన్నారు. అరగంటలో ఆయన యాక్సెస్ తీసేశారు. ఆయన మళ్ళీ సీటు దగ్గరికి రాలేదు. టిఫిన్ బాక్స్, కళ్ళజోడు పెట్టె, ఆయన కూతురి పెళ్ళి ఫొటో సెక్యూరిటీ అబ్బాయి వచ్చి అట్టపెట్టెలో సర్ది పట్టుకెళ్ళాడు. ఖర్చులు తగ్గించడానికి ప్రతి టీమ్‌లోనూ ఒకరిని తీసేస్తున్నారని మధ్యాహ్నానికి తెలిసింది. యాభైకి దగ్గరపడ్డ మనిషికి ఈ ఐటీ కారిడార్‌లో ఇంకో ఉద్యోగం దొరకడం ఎంత కష్టమో ఇక్కడ పనిచేసే ఎవరిని అడిగినా చెబుతారు.

ఆ సాయంత్రమే లీడ్ అమ్మాయిని పిలిచి సార్ చూసే మాడ్యూల్ ఇక నుంచి నీదే అన్నాడు. శుక్రవారం రిలీజ్ ఉంది.

“నాకు కేటీ ఎవరిస్తారన్నా?” అని అడిగింది. కేటీ అంటే పాతవాళ్ళు కొత్తవాళ్ళకి పని వివరించి అప్పజెప్పడం.

“కేటీ ఏం అవసరం లేదు చెల్లె. కోడ్ ఉన్నది గద, రన్ చేస్కుంట పోతే అదే తెలుస్తది. మొదట్నుంచి చూస్కుంట కూసుంటే రిలీజ్ ఎట్లయితది? మధ్యలకెళ్లి పట్టుకో.”

ఆమె కాసేపు ఆ స్క్రీన్ వంకే చూసింది. తర్వాత చాలా మర్యాదగా అడిగింది: “మీరు చెప్పారనే నేను స్కై కొన్నానన్నా. మొదటి భాగం నుంచే ఆడుతున్నాను. మరి దీని మొదటి భాగం నేను ఎవర్ని అడగాలి?”

లీడ్ కాల్ ఉందని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని లేచి వెళ్ళిపోయాడు.

బుధవారం మధ్యాహ్నం ఆమె ల్యాప్‌టాప్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఒక రాష్ట్రం, రెండు తేదీలు. “ఇది ఎందుకో ఎవరికీ తెలియదంటున్నారన్నా. తీసేయొచ్చా?” లూసియానా కథ చెప్పాను. నాకు తెలిసింది ఆ ఒక్కటే. దాని కిందే అలాంటివి ఇంకో నాలుగు కనబడ్డాయి. వాటి గురించి ఇద్దరికీ ఏమీ తెలియదు.

వెళ్ళబోతూ ఆగి, “సార్ పేరు పైవాళ్ళే తీశారా అన్నా?” అంది.

లేదమ్మా అన్నాను. పైవాళ్ళు టీమ్‌కి ఒక పేరు చొప్పున అడిగారు, అంతే. ఎవరి పేరో ఎంచి పంపాల్సింది ఆ టీమ్ లీడ్. దానికి వాళ్ళు పెట్టిన గడువు గురువారం సాయంత్రం అయిదు గంటలు.