‘పాత్ర నాది కాదు’: టీకా తాత్పర్య సహితం

మూలం

పాత్ర నాది కాదు పైసయు గోరను
కర్త మీరె నేను కాదు కాదు
మనసు నిలువలేక మరికొంత రాసితి
కోర్టు కీడ్వకయ్య కూర్మితోడ

అవతారిక

ఒకరి నవలలోని మనుషులను తీసుకుని వేరొకరు కథ అల్లితే అది ఫ్యాన్ ఫిక్షన్. 1967లో ‘స్టార్ ట్రెక్’ అనే టీవీ ధారావాహిక అభిమానులు ‘స్పాకనేలియా’ అనే పత్రిక వేసుకున్న నాటి నుంచి అమెరికాలో ఈ వాఙ్మయం కొండలా పెరిగింది. ఇటువంటి కథలకు ముందు ఒక విన్నపం చేర్చడం చాలాకాలం ఆచారంగా ఉండేది. వినాయక స్తుతి ఉండవలసిన చోట వకీలు స్తుతి ఉండటం ఈ వాఙ్మయానికే చెల్లింది. ఆ విన్నపం వచనంలో ఉండేది. కంఠస్థం చేసుకోవడానికి వీలుగా ఈ వ్యాఖ్యాతే దాన్ని ఆటవెలదిలోకి దించాడు.

ప్రతిపదార్థం

పాత్ర = మీరు కన్న కథానాయకుడు (లేదా మీరు మూడో అధ్యాయంలోనే చంపేసిన అతని తమ్ముడు); నాది కాదు = చట్ట ప్రకారం నా సొత్తు కాదు (మనసు ప్రకారం సంగతి వేరు); పైసయున్ = ఒక్క పైసా కూడా; కోరను = అడగను (ఇచ్చేవారూ లేరు); కర్త = రచయిత; మీరె = తమరే; నేను = ఈ కథ రాసిన నేను; కాదు కాదు = ఎంతమాత్రం కాను; మనసు నిలువలేక = మీ నవల అయిపోయాక ఏమీ తోచక; మరికొంత = మీ నవలకు నాలుగింతలు; రాసితి = రాసేశాను (అనగా అనుమతి అడిగే ఘట్టం దాటిపోయింది); కోర్టుకు ఈడ్వక = నోటీసు పంపక; అయ్య = ఓ మహానుభావా; కూర్మితోడ = ప్రేమతో (చూడుము అని అధ్యాహారం).

తాత్పర్యం

అయ్యా! మనుషులు మీవాళ్లే, పేరు మీదే, డబ్బూ మీదే. మీరు ఆపేసిన చోట నాకు ఆగబుద్ధి కాలేదు. అంతే నా నేరం.

విశేషాలు

1. ‘పాత్ర’కు గిన్నె అన్న అర్థం ఇక్కడ పనికిరాదు. గిన్నె అరువిస్తే తిరిగొచ్చేదాకా ఇచ్చినవారింట్లో లేనట్టే. కథానాయకుణ్ణి వందమంది పట్టుకెళ్లినా రచయిత ఇంట్లోంచి అతడు కదలడు. అభిమానుల వాదమంతా ఈ భేదం మీదే నిలిచింది.

2. ‘మీరె’ అని బహువచనంతో మొదలెట్టి ‘ఈడ్వకయ్య’ అని ఏకవచనంలోకి జారడం దోషం కాదు. భక్తి ముదిరితే చనువు అవుతుంది. రచయితలకు కంటగింపైనదీ ఆ చనువే.

3. పూర్వపక్షం. రక్తపిశాచాల కథలతో కీర్తి గడించిన ఆన్ రైస్ 2000లో, తన పాత్రలతో ఎవరూ కథలు రాయవద్దనీ సొంత మనుషులను సృష్టించుకోమనీ ప్రకటించింది. అభిమానులు కథలు తొలగించుకోవలసి వచ్చింది. ‘ఔట్‌లాండర్’ రచయిత్రి డయానా గాబల్డాన్ 2010లో ఇది నీతికీ చట్టానికీ కూడా విరుద్ధమని తేల్చింది. ఆ యేడే నవలాకారుడు జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ దృష్టాంతం చూపాడు: టార్జాన్‌ను గట్టిగా కాపాడుకున్న బరోస్ ధనవంతుడయ్యాడు, తన లోకాన్ని స్నేహితులకు విడిచిపెట్టిన భయానక కథల రచయిత లవ్‌క్రాఫ్ట్ 1937లో పేదగా పోయాడు.

ఈ పక్షానికి గట్టి సాక్షి రచయిత్రి మారియన్ జిమ్మర్ బ్రాడ్లీ. తన ‘డార్కోవర్’ లోకంలోకి అభిమానులను చేయిపట్టి పిలిచి, వారి కథలను సంకలనాలుగా అచ్చు కూడా వేయించింది. 1992 ప్రాంతంలో ఒక అభిమాని కథకూ ఆమె రాయబోయే నవలకూ ముడిపడి తగాదా వచ్చింది. ఆ నవల వెలువడలేదు, తలుపు మూతపడింది. అభిమానుల కథలను కన్నెత్తి చూడవద్దని రచయితలకు లాయర్లు చెప్పే హితవుకు నేటికీ ఇదే ఉదాహరణ.

4. సమాధానం. అభిమానులు వాదనతో ఆగలేదు, వంశవృక్షాలు తవ్వారు. గాబల్డాన్ నాయకుడు జేమీ పుట్టుకకు బీజం ‘డాక్టర్ హూ’ అనే బ్రిటిష్ టీవీ ధారావాహికలో కిల్టు కట్టిన జేమీ అనే స్కాట్ కుర్రాడు. ఇది ఆమే చెప్పుకున్న మాట. ఆన్ రైస్ 1983లో మారుపేరుతో నిద్రపోయే రాకుమారి కథను పెద్దలకు మాత్రమే అనదగ్గ రీతిలో తిరగరాసింది. ఆ రాకుమారి అనుమతి ఎవరూ తీసుకోలేదు. లవ్‌క్రాఫ్ట్ సంగతికొస్తే, స్నేహితులు ఎత్తుకుని రాయబట్టే అతని క్తుల్హూ అనే భూతం నేటికీ బతికి ఉన్నాడని ప్రతివాదం. అయితే మార్టిన్ మరొకరి లోకంలో కథ రాసినది జాక్ వాన్స్ అనే రచయిత గౌరవార్థం, 2009 సంకలనంలో, అనుమతితో. వంశవృక్షం తవ్వేవారు ఈ కొమ్మను విరవరాదు.

5. ‘పైసయు గోరను’ అన్నది పద్యానికి ఆయువుపట్టు. అమెరికా చట్టంలో అనుమతి లేని వాడకం సముచిత వినియోగమా కాదా అని తేల్చడానికి నాలుగు అంశాలు చూస్తారు. లాభాపేక్ష అందులో ఒక భాగం మాత్రమే. కనుక ఈ మాట కవచం కాదు, తెల్లజెండా. అయినా ఇరుపక్షాల మధ్య రాతలేని ఒప్పందం దీనిమీదే నడిచింది. ‘ట్వైలైట్’ అభిమాన కథగా పుట్టినదాన్ని ఇ. ఎల్. జేమ్స్ పేర్లు మార్చి 2011లో ‘ఫిఫ్టీ షేడ్స్ ఆఫ్ గ్రే’గా అచ్చేయించింది. కోట్లలో ప్రతులు అమ్ముడుపోయాయి. అప్పుడు నొచ్చుకున్నవారిలో తోటి అభిమానులూ ఉన్నారు. ఉచితంగా పంచుకున్నదాన్ని అంగట్లో పెట్టడం వారికి ద్రోహంగా తోచింది.

6. ప్రాచీన ప్రయోగం. 1605లో సెర్వాంటెస్ ‘డాన్ కిహోటే’ మొదటి భాగం వచ్చింది. రెండోది ఆలస్యమైతే 1614లో అవెల్లనేడా అనే మారుపేరుగల ఒకడు తానే రెండో భాగం రాసి వదిలాడు. మరుసటి యేడు సెర్వాంటెస్ అసలు రెండో భాగం తెచ్చాడు. నకిలీలో నాయకుడు సరగోసా వెళ్లాడని తెలిసి, అసలు నాయకుడు ఆ ఊరి మొహం చూడనని బార్సిలోనా దారి పట్టాడు. ఆపై నకిలీలోని పాత్రనే ఒకణ్ణి ఈ నవలలోకి లాక్కొచ్చి, నేను చూసిన కిహోటే ఇతడు కాడని ఊరి అధికారి ఎదుట వాంగ్మూలం ఇప్పించాడు. చివరికి మళ్లీ ఎవరూ లేపకుండా నాయకుణ్ణి చంపేశాడు. పాత్ర అపహరణకు పాత్రాపహరణమే దండన అన్న న్యాయం ఇది.

ప్రత్యుదాహరణ: షెర్లాక్ హోమ్స్‌ను రంగస్థలానికి ఎక్కించిన నటుడు విలియం జిలెట్, అతడికి పెళ్లి చేయవచ్చునా అని అడిగితే, పెళ్లే చేస్తావో హత్యే చేస్తావో నీ ఇష్టమని కానన్ డాయిల్ తంతి కొట్టాడు.

7. దేశీయ ప్రయోగం. మనకు ఎన్ని రామాయణాలు లేవని కొందరు సాక్ష్యం తెస్తారు. అది చెల్లదు. వాల్మీకి పుస్తకాల రాబడి మీద బతకలేదు. దగ్గరి సాక్షి గురజాడ నాటకంలోని గిరీశం. గురజాడ 1915లో పోయాక ముళ్లపూడి వెంకటరమణ గిరీశం చేత సినిమాల మీద లెక్చర్లిప్పించాడు. గురజాడ వారసులకు నష్టం జరగలేదు, గిరీశానికి ఆయుష్షు పెరిగింది. బతికున్న రచయితకు మాత్రం మన 1957 కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ఒక ఆయుధమిచ్చింది: తన గౌరవానికి భంగం కలిగేలా రచనను వికృతం చేస్తే, హక్కులు అమ్ముకున్నాక కూడా అడ్డుపడవచ్చు.

8. అలంకారం అపహ్నుతి అని అభిమానుల పక్షం: ఉన్న అనుబంధాన్ని లేదనడం వల్ల. స్వభావోక్తి అని రచయితల పక్షం: కర్త కాదన్నది ఉన్నమాటే కనుక. రసం శృంగారం. నవలలో ఒకరి మొహం ఒకరు చూడని ఇద్దరికి కూడా ఈ వాఙ్మయంలో శృంగారమే.

నిర్ణయం

వద్దనడం రచయిత హక్కు. బతికున్న రచయిత వద్దంటే, రాసినదాన్ని ఇంట్లో ఉంచుకోవడం అభిమాని మర్యాద. అయితే చదువరి తలలో పాత్ర ఎటు నడవాలో శాసించడం ఏ వకీలు వల్లా కాలేదు. ఇన్ని శతాబ్దాలలో నెగ్గిన జవాబు సెర్వాంటెస్‌దొక్కటే: అతడు ఇంకా బాగా రాశాడు. అవెల్లనేడా పేరు నేడు వినిపించేది సెర్వాంటెస్ కథలో భాగంగానే. కనుక రచయితలారా, నోటీసుకు ముందు రెండో భాగం పూర్తిచేయండి. అభిమానులారా, పద్యమంతా మరచినా ‘పైసయు గోరను’ అన్న ముక్క మరవకండి.