పోలిక పండితులకు తిరుమణి ఆహ్వానం

అయ్యా పోలిక పండితులారా, దండాలు. ఆఫ్రికాలో రెండు దేశాలను ఏరుకుని, ఏటా ఎవరెన్ని డాలర్ల కలప గుజ్జు దిగుమతి చేసుకున్నారో పక్కపక్కనే రెండు స్తంభాలు నిలబెడతారు. పొడుగు స్తంభానికి కిరీటం, పొట్టిదానికి జాలి. చూడముచ్చటగా ఉంది మీ విద్య.

కస్టమ్స్ పద్దుల్లో గుజ్జుది 47వ అధ్యాయం, కాగితానిది 48. పేపరు మిల్లే లేని దేశం గుజ్జెందుకు కొంటుంది? పిల్లల నోటుబుక్కుల కాగితం దగ్గర్నుంచీ తయారుసరుకే తెచ్చుకుంటుంది. 47లో సున్నా వచ్చిందని తమరు దాని మెడలో స్వావలంబన పతకం వేస్తారు. ఒక్క పేజీ తిప్పి 48 చూసే తీరిక తమకెక్కడిది! ఈజిప్టు చెరకు పిప్పితో, వరిగడ్డితో కాగితం చేసింది. కెన్యాలో వెబుయే ఊరి పాన్ ఆఫ్రికన్ పేపర్ మిల్లు 2009లో మూతపడింది. పిప్పి వాడినా గుజ్జు అవసరం తగ్గుతుంది, మిల్లుకు తాళం పడినా తగ్గుతుంది. తెలివికీ తాళానికీ ఒకటే మార్కు! టన్ను ఎక్కువ రాకపోయినా, గుజ్జు ధరో ఓడ కిరాయో పెరిగితే స్తంభం పెరుగుతుంది. దాన్నీ అభివృద్ధి అనేయండి, అడిగేదెవరు?

ఈ కాకిలెక్కలకు ఆఫ్రికా దాకా పోవడం దేనికి, పావగడ తాలూకాలోని మా తిరుమణికి దయచేయండి. తిరుమణి, వళ్లూరు, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు ఊళ్ల భూమి దాదాపు 13,000 ఎకరాల్లో సోలార్ పార్కు ఉంది. 2019 డిసెంబరులో 2,050 మెగావాట్లూ పూర్తయినప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్దదన్నారు. తర్వాత రాజస్థాన్ భడ్లా 2,245తో దాటేసింది. దాంతో మాకు కరెంటేమీ తగ్గలేదు, తగ్గితే తమకు నిద్ర తగ్గి ఉంటుంది.

పోనీ, తమకిష్టమైన ఆఫ్రికాతోనే పోల్చండి. ఈజిప్టులో బెన్‌బాన్ పార్కు ఉంది. డీసీలో సుమారు 1,650 మెగావాట్లు, ఏసీలో 1,465. ఏ అంకె ఏరుకున్నా గెలుపు మాదే, చప్పట్లు కొట్టండి. అక్కడ ప్లేట్లు పరిచింది ఎడారి ఇసుక మీద, ఇక్కడ శెనక్కాయ పండిన రైతుల చేలల్లో. మెగావాట్ల గడికి ఇసుకా చేనూ ఒకటే.

రైతుకు ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో కౌలు మొదలైంది, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. వాన మొహం చాటేసే తాలూకాలో అది చిన్న మాటేం కాదు. అయితే ఆ చేలల్లోనే కలుపు తీసి, కాయ కోసి బతికిన సెంటు భూమి లేనివాళ్ల మాటేమిటి? కౌలు రాదు, చేసుకోవడానికి చేనూ లేదు. ఎకరాల పద్దులో వాళ్లు సున్నా కూడా కాదు. సున్నా వేయడానికైనా ఒక గడి ఉండాలి కదా!

అందుకే చిన్న మనవి. తమ పట్టికలో 'కూలి దినాలు: పార్కు రాకముందు, వచ్చాక' అని ఒక గడి చేర్చండి. చేరిస్తే స్తంభం ఒరిగిపోతుందని భయమా? ఒరగనీయండి. మళ్లీ నిలబెట్టడానికి మనుషులు కావాలిగా, మావాళ్లకు నాలుగు దినాల కూలి దొరుకుతుంది.