చింతపండు అటకెక్కింది

చింతపండు డబ్బా పది రోజులుగా అటక మీదే ఉంది. డాలస్ నుంచి సెలవులకొచ్చిన మా అమ్మాయి ఎక్కించింది. మనవడికి ఇటాలియన్ సాసేజ్ కావాలి, అదీ ఇంట్లో చేసిన టమాట సాస్‌లో ఉడికింది. 2022లో జీఐ గుర్తింపు తెచ్చుకున్న తాండూరు కందిపప్పు కుక్కర్లో ఉండగా, మా ఊరు కుల్కచర్లలో కూర్చుని, వాడి కోరిక ఇది.

సాసేజ్ హైదరాబాద్ నుంచి ఐసు డబ్బాలో దిగింది. మా అమ్మకు ఎనభై దాటాయి. ఒకటి చేతిలోకి తీసుకుని నొక్కి చూసి, "ఏందిరా ఇది, బోటిల ఖీమ కూరినట్టున్నది" అన్నది. నవ్వబోయి ఆగాను. నిజమే మరి. పంది మాంసం సన్నగా తరిగి, ఉప్పు, మిరియాలు, సోంపు కలిపి పేగులో కూరితే అదే సాసేజ్. ఇప్పుడు రకరకాల తొడుగులొచ్చాయి గానీ మొదట్నుంచీ వాడింది పేగునే. "మరి సుద్ధంగ కడిగిన్రా?" అని అడిగింది. ప్యాకెట్ వెనక చీమల్లాంటి అక్షరాలన్నీ చదివాను. ఆ ఒక్క ముక్క రాయలేదు.

అసలు కడుపుమంట టమాట దగ్గర. కోసి గిన్నెలో పడేస్తే కూరవుతుందని అరవై ఏళ్లుగా నమ్మి బతికినవాణ్ణి. కాదట. ప్రతి కాయకూ అడుగున ఇంటూ గుర్తు గీయాలట. మరిగే నీళ్లలో అర నిమిషం ముంచి, వెంటనే ఐసునీళ్లలో వేసి, అప్పుడు తోలు ఒలవాలట. ఈ చలిలో పొద్దున నా స్నానానికి దొరకని వేడినీళ్లు టమాటలకు దొరికాయి. ఒలిచాక గింజలు తీయాలి. గింజలు తీశాక నీరు వడకట్టాలి. అన్నీ పోగా గిన్నెలో మిగిలింది చూస్తే రెండు కిలోల డబ్బులు దేనికిచ్చానో అర్థం కాలేదు. పైగా హైబ్రిడ్ కాయ. లారీలో ఒకదాని మీద ఒకటి పడ్డా చితకకూడదని పుట్టించిన కాయ. దాంట్లో పులుపెక్కడిది? పులుపు లేకపోతే మనం చింతపండు వేస్తాం, అదేమో అటక మీద. "పులుపు విరగడానికి కొంచెం చక్కెర వెయ్యి నాన్నా" అంది అమ్మాయి. లేని పులుపు విరగడానికి చక్కెర!

పోనీ టమాట ఇటలీవాళ్ల తాతల సొత్తా అంటే అదీ కాదు. దక్షిణ అమెరికాలో పుట్టి, స్పెయిన్ ఓడలెక్కి యూరప్ చేరింది. నేపుల్స్‌లో అంతోనియో లతీని అనే పెద్ద వంటమనిషి 1690లలో రాసిన పుస్తకంలో టమాట సాస్ ఉంది. దానికి ఆయన పెట్టిన పేరు స్పెయిన్ పద్ధతి. టమాటలు నిప్పుల మీద కాల్చి, తోలు తీసి, ఉల్లిగడ్డ, మిరపకాయ, ఉప్పు, నూనె, పులుపుకు వెనిగర్ వేయమన్నాడు. అది మన కాల్చిన టమాట తొక్కు కాక మరేమిటి? ఈ సంగతి మా అమ్మాయికి గర్వంగా చెప్పాను. కారం డబ్బా కూడా అటకెక్కింది.

సాస్ సన్నటి సెగ మీద రెండు గంటలు ఉడకాలి. గంటన్నరకే సిలిండర్ అయిపోయింది. గిన్నె పెరట్లో కట్టెల పొయ్యి మీదికి మారింది. అమ్మ ఎవరూ చెప్పకుండానే గరిటె అందుకుని పొయ్యి ముందు కూర్చుంది.

ఆ పొగా, ఆ టమాట వాసనా కలిసి వచ్చేసరికి నాకు మాట పడిపోయింది. నా చిన్నప్పుడు టమాట ధర పడిపోయిన ఏడు మా నాయిన సగం గంపలు రోడ్డు పక్కన పారబోసి, మిగతావి బండి మీద వెనక్కి తెచ్చాడు. ఆ రాత్రి అమ్మ పెద్ద గంజు పెట్టి, ఇట్లాగే కలుపుతూ తెల్లవార్లూ కూర్చుంది. ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ తొక్కు ఏడాదంతా తిన్నాం. ఇటలీలో ఎండాకాలం ఇంటిల్లిపాదీ చేరి ఏడాదికి సరిపడా సాస్ సీసాల్లో నింపుకుంటారని ఎక్కడో చదివాను. పండగలా ఉంటుందట.

మనవడు రెండు ముక్కలు తిని, పొగ వాసనొస్తోందని పళ్లెం జరిపాడు. మిగిలిన సాస్‌కు రాత్రి అమ్మ ఎల్లిగడ్డ పోపు పెట్టింది. జొన్నరొట్టెతో తింటుంటే పుల్లగా తగిలింది. అటక వైపు చూశాను. డబ్బా కదల్లేదు. అమ్మ సందుగలో ఇంకో డబ్బా ఉందట.

మీ ఇంటికి ఎవరైనా సాసేజ్ పట్టుకొస్తే, ముందు సిలిండర్ ఒకసారి ఎత్తి చూసుకోండి.