పాలడబ్బా మూలానికి కడప టీక

కావ్యాలకు టీకలు రాయించడం కడపకు కొత్త కాదు. 1820లో కుంపిణీ ఉద్యోగిగా ఈ ఊరికి వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్, ఆ తర్వాత ఇక్కడే బంగళా కొని, పండితులను కూర్చోబెట్టి, తాళపత్రాలు సరిచూపించి శుద్ధప్రతులు రాయించాడు. జూలూరి అప్పయ్య మనుచరిత్రకు టీక రాసింది ఆయన కోరికమీదే. ఇంత చేసినా ఒక్క గ్రంథం మాత్రం ఆయన చేతికి అందలేదు. అది పాలపొడి డబ్బా మీది రాత. జర్మనీలో లీబిగ్, స్విట్జర్లాండ్‌లో నెస్లే 1860ల్లో పసిపిల్లల పొడులు అమ్మకానికి పెట్టేనాటికి బ్రౌన్ దొర ఇంగ్లండు చేరి కొన్నేళ్లయింది. అందుచేత ఆ లోటు తీర్చే పని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులల్లో రాత్రి రెండు గంటలకు మేలుకొని ఉండే వ్యాఖ్యాతల మీద పడింది.

మూలం: మరిగించిన గోరువెచ్చని నీటిలో ముప్పై మిల్లీలీటర్లకొక సమచెంచా చొప్పున పొడి కలిపి వెంటనే పట్టవలెను, మిగిలినది పారబోయవలెను.

మూలానికి ముందు మంగళాచరణం ఒకటుంది. తన సరుకు కన్నా ఎదుటివారి సరుకే గొప్పదని మొదటే ఒప్పుకునే కావ్యం లోకంలో ఇదొక్కటే కావచ్చు. తల్లిపాలే బిడ్డకు శ్రేష్ఠమని డబ్బా మీద అచ్చు వేయాలన్నది 1992 నాటి చట్టం. ఆ చట్టమే డబ్బా మీద బిడ్డ బొమ్మగానీ ఆడమనిషి బొమ్మగానీ ఉండకూడదంది. అంటే నాయకుడూ నాయికా ఇద్దరూ కనిపించని కావ్యం. ప్రకటనలకు కూడా వీల్లేదు. తల్లికి పాలు చాలకనో, జబ్బు చేసో, మరో కారణం చేతనో డాక్టరు చెప్పినప్పుడే ఈ గ్రంథం తెరవాలి.

ఇక ప్రతిపదార్థం.

‘నీటిలో’ అన్నదే మొదటి చిక్కు. ఏ నీరు? పులివెందుల చుట్టుపక్కల బోర్లలో ఫ్లోరైడు మోతాదు మించిన చోట్లున్నాయి. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై తగ్గినకొద్దీ అది ఇంకాస్త చిక్కబడుతుంది కూడా. కాబట్టి పులివెందుల వ్యాఖ్యాతలు ప్లాంటు క్యాను నీళ్లను గ్రహిస్తారు. అంతవరకు బాగానే ఉంది. ‘ఇవి ఫిల్టరు నీళ్లే కదా, మళ్లీ కాచేదెందుకు’ అన్న పూర్వపక్షం దగ్గరే ప్రమాదం. ప్లాంటులో శుద్ధి అయిన నీళ్లు క్యానులో, కుళాయి మూతి దగ్గర, ముంచిన గ్లాసులో మళ్లీ మైలపడతాయి. మూలంలో ‘మరిగించిన’ అన్న మాట క్యానుకూ వర్తిస్తుంది.

‘గోరువెచ్చని’ దగ్గర పెద్ద వివాదమే ఉంది. మన డబ్బాల్లో చాలావాటి మీద ఈ మాటే కనిపిస్తుంది. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచన మాత్రం 70 డిగ్రీలకు తగ్గని నీటిలోనే పొడి కలపమంటుంది. కారణం, పొడి పూర్తిగా క్రిమిరహితం కాదు. క్రోనోబ్యాక్టర్ అనే క్రిమి అందులో అరుదుగా ఉండొచ్చు. రెండు నెలల లోపు పిల్లలకు, నెలలు నిండకుండా పుట్టినవారికి అది ప్రాణాంతకం. 2022 ఫిబ్రవరిలో అమెరికాలోని స్టర్జిస్‌లో అబాట్ కంపెనీ ఫ్యాక్టరీ ఈ క్రిమి అనుమానంతోనే మూతపడి, ఆ దేశమంతా డబ్బాలకు కటకటలాడింది. మరి రెండు వాక్యాలకూ పొత్తు కుదిరేదెట్లా? పాత టీకాకారుల ఉపాయం ఒకటుంది: అన్వయం మార్చడం. ‘గోరువెచ్చని’ అనే విశేషణాన్ని నీటినుంచి తప్పించి తాగే పాలకు చేర్చితే సరి. నీళ్లు మరిగించి, అరగంట దాటకుండా వేడిమీదే పొడి కలిపి, ఆ తర్వాత సీసాను చల్లనీళ్లలో పెట్టి, మణికట్టు మీద చుక్క వేసి చూసి పట్టాలి. ఇంకా అనుమానముంటే పిల్లల డాక్టరే ప్రమాణం.

కానీ మే నెలలో చల్లనీళ్లెక్కడివి? మిద్దె మీద ట్యాంకులోంచి వచ్చే నీళ్లు రాత్రి రెండింటికి కూడా వెచ్చగానే ఉంటాయి. సీసా చల్లార్చడానికి కడప ఎండల్లో కుండనీళ్లే గతి.

‘సమచెంచా’. ఇది గ్రంథానికి ఆయువుపట్టు. సమమంటే కత్తి వెనకవైపుతో గీసినట్టు అంచుకు సమంగా. గోపురం కట్టకూడదు, అదిమి కుక్కకూడదు. చెంచా కూడా ఆ డబ్బాలోదే అయి ఉండాలి. ఇక్కడ అవ్వల పాఠం వేరు: “ఏందమ్మీ, ఇంత పల్చగా ఉంటే బిడ్డకు బలమేడొస్తాది? ఇంగో చెంచా ఎయ్యి.” ఇంకో చెంచా వేస్తే పాలు చిక్కనై బిడ్డకు మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం, లేత మూత్రపిండాల మీద బరువు. డబ్బా ధర గుర్తొచ్చి ఒక చెంచా తగ్గిస్తే బిడ్డ బరువు పెరగదు; మరీ నీళ్లయితే ఒంట్లో సోడియం పడిపోయి ఫిట్స్ వచ్చే ప్రమాదముంది. క్రమం కూడా ముఖ్యం: ముందు నీళ్లు కొలవాలి, తర్వాత పొడి. పొడి ముందు పోసి గీత దాకా నీళ్లు పోస్తే, పొడి ఆక్రమించినంత మేర నీళ్లు తక్కువవుతాయి.

లెక్క చూస్తే ఇంకో ముడి. నాలుగు కిలోల బిడ్డకు కిలోకు 150 మిల్లీలీటర్ల చొప్పున రోజుకు 600. ఎనిమిది సార్లకు పంచితే ఒక్కోసారికి 75, అంటే రెండున్నర చెంచాలు. చెంచాకు సగం గీత ఉండదు. కాబట్టి 90కి మూడు కలిపి, తాగినంత తాగించడమే సిద్ధాంతం. రోజుకు ఇరవై నాలుగు చెంచాలు, చెంచాకు సుమారు నాలుగున్నర గ్రాములు. 400 గ్రాముల డబ్బా నాలుగో రోజుకే అడుగు కనిపిస్తుంది. పల్చన చేయాలన్న బుద్ధి ఎందుకు పుడుతుందో ఇక్కడ తెలుస్తుంది.

గడియారం వేంకట శేషశాస్త్రి, దుర్భాక రాజశేఖర శతావధాని జంటగా అవధానాలు చేసిన ప్రొద్దుటూరులో ఈ మూడు చెంచాల లెక్క ఘంటాగణనమే. భుజం మీద బిడ్డ ఏడుపు గంట, రెండో చెంచా వేసేసరికి పక్కగదిలోంచి అత్త “పాలు కాగినాయా, గ్యాసు కట్టేసినావా?” అని అప్రస్తుత ప్రసంగం మొదలుపెడుతుంది. రెండా మూడా? అనుమానమొస్తే పారబోసి మళ్లీ మొదలుపెట్టాలి. ఆ ఊరి బంగారు అంగళ్లలో దొరికే వెండి ఉగ్గుగిన్నెను ఈ సందర్భంలో వ్యాఖ్యాతలు మెచ్చుకుంటారు. పీక సందుల్లో పాలజిడ్డు దాక్కుంటుంది. గిన్నెకు దాచే చోటు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా కడగడానికి సీసా కన్నా కప్పే సులువంటుంది.

జమ్మలమడుగు పాఠం అన్నిటికన్నా ప్రాచీనం. క్యాంబెల్ ఆసుపత్రిలో కాన్పయి పల్లెకు తిరిగొచ్చిన కోడలికి అక్కడి అవ్వ చెప్పేది: ఎనుము పాలలో సగం నీళ్లు. నవ్వి తోసేయడానికి లేదు. 1950ల్లో మైసూరులోని కేంద్ర ఆహార పరిశోధన సంస్థ ఎనుము పాలతోనే పిల్లల పొడి చేసే పద్ధతి కనిపెట్టింది. అమూల్ దాన్ని అందుకుంది. అయితే వాళ్లు కొవ్వు సరిదిద్ది, విటమిన్లు చేర్చి చేశారు. అవ్వ చేర్చేది నీళ్లు, చక్కెర. ఆరు నెలల లోపు ఆ పాఠం గ్రాహ్యం కాదు.

‘వెంటనే’ అన్న మాట మీద నిద్ర గెలవాలని చూస్తుంది. పదింటికే నాలుగు సీసాలు కలిపి వరసగా పెట్టుకుందామన్నది సహజమైన కోరిక. గది వేడిమిలో కలిపిన పాలు రెండు గంటలు దాటకూడదు. దాచాల్సే వస్తే త్వరగా చల్లార్చి, ఐదు డిగ్రీలు మించని ఫ్రిజ్ లోపలి అరలో పెట్టి, 24 గంటల్లో వాడాలి. తిరిగి వెచ్చచేయడం పదిహేను నిమిషాలకు మించరాదు. కరెంటు పోయిన రాత్రి ఈ సౌకర్యం రద్దు. కాచిన నీళ్లు ఫ్లాస్కులో పోసి, పొడి విడిగా పెట్టుకోవడం మేలు. రెండింటికి ఫ్లాస్కు నీళ్లు చల్లారిపోయుంటే మళ్లీ పొయ్యి వెలిగించక తప్పదు.

‘మిగిలినది పారబోయవలెను’. బిడ్డ నోరు పెట్టిన సీసాలోకి ఎంగిలి చేరుతుంది. ఆ పాలు దాచి మళ్లీ పట్టకూడదు. అవ్వకు ఇదే కొరుకుడుపడదు. “పాలు యాడన్నా పారబోస్తారా? పాపం తగుల్తాది.” టీకాకారుడు ఇక్కడ మూలాన్ని మళ్లీ చదివాడు. పారబోయమన్నారే గానీ ఎక్కడ పారబోయాలో చెప్పలేదు. వాకిట్లో పిల్లికి ఒక సత్తు గిన్నె పెట్టడానికి మూలంలో అభ్యంతరమేమీ కనిపించలేదు.