నా డొక్కలు తడిమి చూడండి

నేను గుర్రాన్ని. ఒకప్పుడు మలక్‌పేట రేసుకోర్సులో పరుగెత్తినదాన్ని. అప్పట్లో నా బరువు 450 కిలోలు. నన్ను చూసుకునే సైసు దాణా కంటే ముందు గడ్డి వేసేవాడు. అతనికి నా కడుపు సంగతి తెలుసు. ఇంత ఒంటికి నా పొట్ట సంచి చిన్నది. అందులో ఆమ్లం రాత్రింబగళ్లు ఊరుతూనే ఉంటుంది. దాని మంటను తగ్గించే లాలాజలం మాత్రం నేను నమిలినంతసేపే ఊరుతుంది. అందుకే కొద్దికొద్దిగా, రోజు పొడుగునా మేయాలి. ఒంటి బరువులో నూటికి రెండు పాళ్లు, అంటే రోజుకు 9 కిలోల ఎండుగడ్డి కావాలి. ఓట్స్, ఉలవలు ఆ తర్వాతే, అవీ పడే శ్రమను బట్టే.

వేగం తగ్గాక, పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు తిప్పే ఒకాయన నన్ను కొన్నాడు. పరుగు మానినా దాణా తగ్గించలేదు. గింజల్లోని పిండిపదార్థం ఎక్కువై గిట్టల లోపల వాపు వచ్చింది. అడుగు తీసి అడుగు వేయలేకపోయాను. ఆ తర్వాత మూఢం వచ్చింది. ముహూర్తాలు లేవు, గిరాకీ లేదు. నా మేతకు కోత పడింది. మళ్లీ పెళ్లిళ్లు మొదలయ్యేసరికి నా పక్కటెముకలు బయటపడ్డాయి. వాటి మీద జరీ గుడ్డ కప్పారు. వేలాడే పొట్టను చూసి 'బాగానే ఉందిలే' అన్నారు. అది నాసిరకం గడ్డి, కడుపులో పురుగులు పెంచిన పొట్ట!

ఒక రాత్రి విందులో మిగిలిన అన్నం, లడ్డూలు నా ముందు గుమ్మరించారు. ఆకలికి తినేశాను. గుర్రాలకు వాంతి చేసుకునే వీలు లేదు. శూలతో తెల్లవార్లూ నేల మీద పొర్లాను. డాక్టరు ముక్కులోంచి గొట్టం వేసి బతికించాడు.

వయసు మీదపడ్డాక పళ్లు అరిగాయి. వాటి అంచులు పదునెక్కి బుగ్గల్ని కోసేవి. సగం నమిలిన గడ్డి ఉండలై నోట్లోంచి జారిపోయేది. ఒక్కరూ నోరు తెరిపించి చూడలేదు. 'ఇక దీనికి మేత దండగ' అని యజమాని నన్ను ఊరి బయట రోడ్డు పక్కన వదిలేశాడు. ఎంతమంది పెళ్లికొడుకుల్ని మోశాను! ఒక్క మోపు గడ్డికి నోచుకోలేదు.

జంతువుల్ని చేరదీసేవాళ్లు నన్ను తీసుకెళ్లారు. అక్కడి డాక్టరు మెడ, డొక్కలు, తోక మొదలు తడిమి '2' అన్నాడు. 1983లో అమెరికాలో డాన్ హెన్నెకే రూపొందించిన కొలత అది. 1 అంటే ఎముకల గూడు, 9 అంటే మితిమీరిన కొవ్వు, 5 ఆరోగ్యం. పస్తులున్న గుర్రానికి ఒక్కసారిగా దాణా పెడితే ప్రాణానికే ముప్పు. అందుకని లూసర్న్ గడ్డి గుప్పెడు గుప్పెడుగా, పలుమార్లు పెట్టారు. పళ్ల పదును అంచులు అరగదీశారు. మేత నానబెట్టి మెత్తగా ఇచ్చారు. నెమ్మదిగా కండ పట్టింది.

గుర్రాన్ని పెంచేవారికి నా మనవి ఇది. కంటిని నమ్మకండి, డొక్కల మీద చెయ్యి వేయండి. ఎముకలు చేతికి తగలాలి, కంటికి కనిపించకూడదు. పని మారినా, వయసు మారినా మేత మార్చండి. ఆ మార్పు వారం పది రోజుల మీద చేయండి. ఏటా పళ్లు చూపించండి. తొట్టిలో నీళ్లు ఎండనీయకండి. ముహూర్తాలు లేని నెలల్లోనూ మాకు ఆకలేస్తుంది.